మంత్రగాడికి కోడి, మంత్రగత్తెకు రాయి

యాభైలలో బనగానపల్లె దగ్గరి మా ఊళ్లో ఎవరికైనా తేలు కుడితే మంత్రగాడిని పిలిచి, మంచం వాల్చి కూర్చోబెట్టి, కోడిని కోసి పెట్టేవాళ్లు. మొగుడు పోయిన మా పెద్దమ్మ అదే తేలుకాటుకు ఆకుపసరు పూస్తే మాత్రం మంత్రగత్తె అన్నారు.

ఒకరోజు పక్కింటి బర్రె చస్తే, మా పెద్దమ్మే మంత్రం పెట్టి చంపిందన్నారు. "దాని పండ్లు రాలగొట్టండప్పా, ఇంగ నోట్లో మంత్రం తిరగదు" అని చెప్పింది ఆ మంత్రగాడే. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, రాయితో ఆమె ముందరి పళ్లు రాలగొట్టారు. ఒక్కడూ అడ్డం రాలేదు, సిగ్గులేని ఊరు!

మంత్రగత్తె అంటే ఏమని బడిలో అయ్యవారిని అడిగాను. మంత్రాలు వచ్చిన ఆడమనిషి అన్నాడు. మా పెద్దమ్మకు ఒక్క మంత్రమూ రాదు. పళ్లు పోయాక ఆమె నోరు తిరగనిది నా పేరుకే.