ఎర్ర దీవి

పరిశోధనశాలలో అందరూ ఆమెను నిదానం అని పిలుస్తారు. ఆ పేరు పెట్టింది లెక్కలాయన. కంప్యూటరు ముందు కూర్చుని కణాల లెక్క తేల్చే మనిషి, ఎప్పుడు చూసినా తొందరే. "నిదానమే ప్రధానం అన్నవాళ్లు మీ చుట్టాలేనా అమ్మా?" అని ఒకనాడు అడిగాడు.

"మావాళ్లే. ఆలస్యం అమృతం విషం అన్నవాళ్లు మీవాళ్లు" అంది ఆమె. పేరు నిలిచిపోయింది.

ఆమె పని విడదీయడం. ఆసుపత్రి నుంచి గోరంత పేగు ముక్క వస్తుంది. దాన్ని ఎంజైము కలిపిన గోరువెచ్చని నీళ్లలో ఉంచి, కణానికి కణం విడిపోయేలా చేయాలి. తొందరపడితే కణాలు చిరుగుతాయి. త్వరగా తీసేస్తే ఉండలుగా మిగిలిపోతాయి.

సంతను దూరం నుంచి వింటే గోల. లోపలికి వెళ్లి ఒక్కొక్కరినీ పలకరిస్తే ఎవరు అమ్ముతున్నారో, ఎవరు పోట్లాడుతున్నారో, ఎవరు ఊరికే తిరుగుతున్నారో తెలుస్తుంది. పూర్వం ముక్కనంతా నూరి ఆ గోలే వినేవారు. ఇప్పుడు కణాలను ఒక్కొక్కటిగా చిన్న చిన్న బొట్లలో బంధిస్తే, ఏ కణంలో ఏ జన్యువులు పనిలో ఉన్నాయో యంత్రం చదువుతుంది. తెర మీద ఒక్కో కణం ఒక్కో చుక్క. ఒకే తీరువి ఒకచోట చేరతాయి. వాటిని దీవులంటారు.

పేగుల్లో పుళ్లు పడే జబ్బు ఉన్నవారి ముక్కల్లో ఆ ఏడు ఒక కొత్త దీవి కనిపించింది. ఆరోగ్యవంతుల ముక్కల్లో అది లేదు. లెక్కలాయన దానికి ఎర్ర రంగు వేశాడు. జబ్బుకు మూలం అదే అయితే, దాన్ని అణచే మందు వెతకవచ్చు.

ముక్కలు ఇచ్చినవారిలో నిదానం వాళ్ల అక్క ఒకతి. సీసాల మీద అంకెలే గాని పేర్లుండవు. ఏది అక్కదో తెలియదు గనక నిదానం అన్నింటినీ అక్కవిగానే చూసుకునేది.

అక్క బస్సు కండక్టరు. జబ్బు ముదిరాక దారి మధ్యలో బస్సు ఆపించి దిగవలసి వచ్చేది. చివరికి డిపోలో కూర్చునే పనికి మారింది. చెల్లెలు కనిపిస్తే చాలు, "నా పేగు ఏమంటోందే?" అని అడిగేది. ఒకరోజు చెల్లెలు నోరు జారి ఎర్ర దీవి సంగతి చెప్పేసింది.

"దొంగ దొరికాడన్నమాట!" అంది అక్క. ఆమె అలా నవ్వి చాలాకాలమైంది.

పరిశోధనశాల పెద్ద డాక్టరమ్మ మాత్రం ఆ దీవిని చూసి నవ్వలేదు. అందులో మేలుకున్న జన్యువులను మళ్లీ మళ్లీ చూసింది.

"ఇవి బెదిరిన కణంలో మేలుకునేవి. జబ్బు ముక్కల్ని వెచ్చని నీళ్లలో ఎంతసేపు ఉంచుతున్నావమ్మా?"

"విడేదాకా అండీ. అవి గట్టిగా ఉంటాయి. మామూలు వాటికి రెండింతలు పడుతుంది." చెబుతుండగానే ఆమెకు అర్థమైంది. "చిరుగుతాయని భయపడి..."

"నిన్ను అనడం లేదు. మనందరం చూస్తూనే ఉన్నాం కదా."

ఒక జబ్బు ముక్కను రెండు చేశారు. సగం ఎప్పటిలా వెచ్చని నీళ్లలో. సగం ఐసు మీద, చలిలోనూ పనిచేసే వేరే ఎంజైములో. ఐసు మీది సగం మొండికేసింది. చలికి నిదానం వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇక్కడ ఆపేస్తే ఉండలే మిగులుతాయి, పరీక్ష చెల్లదు, ఎర్ర దీవి ఇంకొన్నాళ్లు బతుకుతుంది. ఆ ఆలోచన వచ్చి ఆమె పక్కన కాసేపు కూర్చుంది. ఆమె దాన్ని పొమ్మనలేదు. దాని మాట వినలేదు. ముక్క చివరికి విడింది.

ఫలితం తెర మీదికి వచ్చిన రోజు, వెచ్చని సగంలో ఎర్ర దీవి ఉంది. చల్లని సగంలో దాని చోటు ఖాళీ.

"రంగు వేసింది నేనేగా, నేనే తుడుస్తాను" అన్నాడు లెక్కలాయన. ఆరోజు అతనికి తొందర లేదు.

"పాత ముక్కలేవీ ఇక పనికిరావు. ఇష్టముంటే మళ్లీ ఇమ్మని ఆసుపత్రివాళ్లు అందరినీ అడుగుతారు" అంది డాక్టరమ్మ.

అక్క ఈ మాట ముందు తన నోటనే వినాలనుకుంది నిదానం. వెళ్లేసరికి అక్క కిటికీ దగ్గర కూర్చుని యూనిఫాం చొక్కాకు బొత్తాం కుడుతోంది.

"దొంగ దొరకలేదక్కా."

"అదేమిటే? ఎర్రగా ఉన్నాడన్నావుగా!"

"వాడు దొంగ కాదు. వేడిలో ఎక్కువసేపు ఉంచితే కేకలు పెట్టాడు. ఉంచింది నేనే."

సూది ఆగింది. "మరి మందు?"

"ఇప్పట్లో లేదు."

అక్క బొత్తాం పని ముగించింది. దారం పళ్లతో తెంపింది.

"డిపో అంతా చాటుకొచ్చానే. ఇప్పుడు ఒక్కొక్కళ్ల దగ్గరికీ వెళ్లి లేదని చెప్పాలి."

"నేనే నీకు చెప్పకుండా ఉండాల్సింది."

"ఊరుకునేదాన్నా? చల్లగా ఉంచితే నిజం చెబుతాయా అవి?"

"అబద్ధాలు తగ్గుతాయి."

"మరి నా ముక్క?"

"పాతవి పనికిరావక్కా." మళ్లీ ఇవ్వడమంటే ఏమిటో నిదానానికి తెలుసు. ముందురోజంతా తిండి లేకుండా కడుపు ఖాళీ చేసుకోవడం, పేగులోకి వేసే ఆ గొట్టం, ఆ తరువాతి నీరసం ఆమె చూసినవే.

"నాన్చకు. మళ్లీ కావాలి, అంతేగా?"

"వాళ్లు అడుగుతారు. నువ్వు కాదనొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు."

"నువ్వో?"

"నేనూ అనుకోను."

అక్క చొక్కా దులిపి, కుట్టిన బొత్తాన్ని లాగి చూసింది.

"వచ్చే నెల ఎలాగూ గొట్టం వేస్తారు. లోపలికి వెళ్లినవాళ్లు ఇంకో ముక్క గిల్లుకుంటే నాకేం పోయింది? కానీ ఈసారి గట్టిగా తేలేదాకా నాకేమీ చెప్పకు. నేను అడిగినా చెప్పకు."

"అడక్కుండా ఉంటావా?"

"ఉండను" అంది అక్క.