మా కుక్కకి ఆది జాకెట్టు

మా కుక్క తల సన్నం, మెడ లావు. ఈ ఒక్క సంగతి ముందే గమనించి ఉంటే నాకు సగం పరుగులు తప్పేవి.

ఉయ్యూరు దగ్గర మా ఆయన బాబాయి గారి చెరకు తోటలో, చెరకు కొట్టే రోజుల్లో దొరికిన పిల్ల అది. కొంగులో దాచుకుని విజయవాడ బస్సెక్కించాను. ఏడాదిన్నర తిరిగేసరికి పొడుగు కాళ్ళు, ముందుకు పొడుచుకొచ్చిన ఛాతీ, ఉందో లేదో తెలియని నడుము, గోధుమ రంగు ఒళ్ళు వచ్చాయి. ఇదేం జాతండీ అని అడిగినవాళ్ళకి ఉయ్యూరు జాతి అని చెబుతాను. కొందరు నమ్ముతారు కూడా.

ఒకరోజు పొద్దున్న మా ఆయనా నేనూ దాన్ని తీసుకుని బందరు రోడ్డు దాటుతుంటే లారీ హారన్ మోగింది. కుక్క బెదిరి వెనక్కి గుంజుకుంది. మెడ పట్టీ చెవుల మీదుగా జారి, గొలుసుతో సహా నా చేతిలో మిగిలిపోయింది. కుక్క సిటీ బస్సు ముందు నిలబడి ఉంది. డ్రైవరు బ్రేకు వేశాడు. మా ఆయన పరుగెత్తి దాన్ని ఎత్తుకొచ్చారు. ఇంటికి చేరి, గేటు వేశాక అప్పుడు అన్నారు.

"ఇంకొక్కసారి ఊడిందంటే ఉయ్యూరు పంపించేద్దాం. అక్కడ తోటలో ఈ బస్సుల గోలుండదు. నా కళ్ళ ముందు దానికేమన్నా అయితే నేను చూళ్ళేను."

మా ఆయన అన్న మాట తప్పే మనిషి కాదు. ఒకసారి నా మీద కోపంతో కాఫీ మానేస్తానని, రెండేళ్ళు పాలు తాగారు. ఆ కుక్క లేని ఇంట్లోకి ఆఫీసు నుంచి రావడం ఎలా ఉంటుందో ఊహించడానికి కూడా నాకు మనసొప్పలేదు.

మర్నాడే పెంపుడు జంతువుల సామాను అమ్మే కొట్టుకి వెళ్ళాను. మెడకి కాకుండా ఛాతీకి తొడిగే హార్నెస్ అయితే ఊడదని ఎవరో చెప్పారు. కొట్టతను కుక్క బరువు అడిగి, ఎం సైజు సరిపోతుందన్నాడు. నేను ఎల్ తీసుకున్నాను. ఎందుకంటే ఎదిగే పిల్ల కదా. మా అమ్మ నాకు స్కూలు గౌన్లన్నీ అలాగే కుట్టించింది. అంచు మూడు మడతలు లోపలికి మడిచి, ఏడాదికో మడత విప్పేది. ఎనిమిదో తరగతి గౌను పదో తరగతి ఫోటోలో కూడా ఉంది. నలభై ఏళ్ళొచ్చినా, సరిగ్గా సరిపోయేది కొంటుంటే ఇప్పటికీ నాకేదో దుబారా చేస్తున్నట్టే ఉంటుంది.

ఆ ఎల్ సైజు హార్నెస్ మూడోరోజునే ఊడింది. కాలువ గట్టు మీద టిఫిన్ బండి దగ్గర ఎవరో గిన్నె జారవిడిచారు. కుక్క తల వంచి, రెండడుగులు వెనక్కి వేసి, చొక్కా విప్పుకున్నంత తేలిగ్గా బయటికొచ్చేసింది. అదృష్టం కొద్దీ ఇంటివైపే పరుగు తీసింది. ఖాళీ హార్నెస్ పట్టుకుని నేను వెనకాల పరుగెత్తాను.

వీధి వరండాలో మా అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నారు. నలభై ఏళ్ళుగా ఆ వరండాలోనే జాకెట్లు కుడుతున్నారు. కుక్కని ముట్టుకున్న చేత్తో పట్టు బట్ట ముట్టుకోనని, అప్పటిదాకా దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు. గేటులోంచి ముందు కుక్క, వెనక నేను రావడం చూసి మిషను ఆపారు. అప్పటికి మా ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయారు.

"వాడికి చెప్పకు," అన్నారు.

నేను మెట్టు మీద కూలబడి ఏడ్చేశాను. ఆవిడ హార్నెస్ అందుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇంత వదులు ఎందుకు తెచ్చావమ్మాయ్?"

"ఎదుగుతుందని, అత్తయ్యా."

"ఏడాదిన్నర దాటిన కుక్క ఇంకేం ఎదుగుతుందే. దానికేమన్నా పదో తరగతి పరీక్షలున్నాయా?"

ఏడుస్తున్నదాన్ని కాస్తా నవ్వేశాను. అప్పుడు ఆవిడ మెడలోని టేపు తీసి, నలభై ఏళ్ళ ఖాతాదారుల్లో ఎవరినీ పిలవనంత ముద్దుగా కుక్కని పిలిచారు.

కూర్చున్నప్పుడు కొలిస్తే ఛాతీ ఒకలా, నిలబడితే ఒకలా వచ్చింది. నిలబెట్టే కొలవాలని ఆవిడ తేల్చారు. నేను బిస్కెట్టు ముక్క ముక్కుకి ఎదురుగా పట్టుకుంటే అది కదలకుండా నిలబడింది. మెడ మొదట్లో పదిహేను అంగుళాలు. ముందుకాళ్ళ వెనక, ఛాతీ బాగా లోతున్న చోట ఇరవై నాలుగు. టేపు పొట్ట కిందికి వెళ్ళగానే దానికి చక్కిలిగింత పుట్టి, ఆవిడ చెంప మొత్తం నాకేసింది. అత్తగారు కొంగుతో తుడుచుకుని, "నడుం పదిహేడు. నా కోడళ్ళెవరికీ లేదు ఇంత నడుం," అని నా వైపు చూడకుండా రాసుకున్నారు.

అంకెలు రాసుకున్నారు గానీ ఆవిడకి టేపు మీద నమ్మకం తక్కువ. ఎవరు గుడ్డ తెచ్చినా మొదట అడిగే మాట, "ఆది తెచ్చావా?" అని. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇస్తే, దాన్ని చూసి కొత్తది కత్తిరిస్తారు. ఆది లేనివాళ్ళకి ముందు కోరా గుడ్డతో ఒకటి కుట్టి, తొడిగి చూశాకే అసలు గుడ్డకి కత్తెర పెడతారు. మా కుక్కకి ఆది లేదు. కాబట్టి కుట్టారు.

మెడకొక పట్టీ, ఛాతీకొక పట్టీ, వీపు మీదా గుండె మీదా వాటిని కలుపుతూ రెండు. తొడిగి, ప్రతి పట్టీ కిందా రెండు వేళ్ళు దూర్చి చూశారు. వేళ్ళు దూరాలి, చెయ్యి దూరకూడదు. చంకల్లో ఒరుసుకుంటోందని ఛాతీ పట్టీని కాస్త వెనక్కి జరిపారు. తర్వాత నన్ను ఎదురుగా నిలబెట్టి గుంజమన్నారు. కుక్క వెనక్కి నడిచింది. గుడ్డ చెవులదాకా వచ్చి ఆగి, ఆ తర్వాత మెల్లగా జారిపోయింది. ఆవిడ కాసేపు ఆలోచించి, పక్కటెముకలు అయిపోయి నడుం మొదలయ్యే చోట ఇంకో పట్టీ వేశారు. ఈసారి కుక్క ఎంత వెనక్కి నడిచినా, ఆ పట్టీకి ఛాతీ అడ్డం పడి ఆగిపోయింది.

"ఇదే ఉంచెయ్యచ్చు కదా అత్తయ్యా," అన్నాను.

"బెదిరిన కుక్క గుంజితే నా దారం ఆగుతుందా? బెల్టు కొట్లోదే కావాలి. ఆది మాత్రం నాది."

ఆ సాయంత్రం ఇద్దరం ఆటో ఎక్కాం. కొట్లో ఆవిడ ఆదిని కవర్లోంచి తీసి బల్ల మీద పరిచి, చేత్తో ముడతలు సాపు చేశారు. కొట్టతను నోరెళ్ళబెట్టాడు.

"కుక్క ఏదండీ?"

"ఆది ఉందిగా బాబూ. పెళ్ళికూతురు కూడా రాదు నా దగ్గరికి."

పాపం, ఓపికమంతుడు. ఒక్కొక్క హార్నెస్ తెచ్చి ఆది మీద పరిచాడు. మెడ సరిపోతే ఛాతీ చాలలేదు, ఛాతీ సరిపోతే చంకల్లోకి దిగింది. ఆఖరికి అటక మీంచి దుమ్ము దులిపి ఒకటి తీశాడు. దానికి నడుం పట్టీ ఉంది, అన్నివైపులా బిగించుకునే వీలుంది. ఎం సైజు. అత్తగారు నా వైపు తిరిగారు. నేను గోడకున్న గడియారం వైపు చూశాను.

ఆదివారం పొద్దున్న మా ఆయన కుక్కని పట్టుకుని బయల్దేరారు. ఎన్నడూ లేనిది అత్తగారు కూడా చెప్పులేసుకుని వచ్చారు. బందరు రోడ్డు మీదికి రాగానే పెళ్ళి ఊరేగింపు ఎదురైంది. మా పక్కకొచ్చేసరికి బ్యాండువాళ్ళు ఒక్కసారిగా డప్పులందుకున్నారు. కుక్క తల వంచింది. ఒకడుగు, రెండడుగులు, మూడడుగులు వెనక్కి. అత్తగారు నా మణికట్టు పట్టుకుని నొక్కేశారు. నడుం పట్టీ ఛాతీ దాకా జరిగి అక్కడే ఆగింది. కుక్క ఇంకోసారి గుంజి, ఇక లాభం లేదనుకుని, మా ఆయన కాళ్ళ మధ్య దూరి కూర్చుంది. నాకు ఆ బ్యాండుతో పాటు గంతులెయ్యాలనిపించింది.

మా ఆయన వంగి పట్టీలన్నీ తడిమి చూశారు.

"బావుంది. కాలువ గట్టు మీద ఊడినరోజే ఇది ఉండుంటే బావుండేది."

అత్తాకోడళ్ళం మొహమొహాలు చూసుకున్నాం.

"నీకెవరు చెప్పార్రా?" అన్నారు అత్తగారు.

"టిఫిన్ బండాయన. ఆ సాయంత్రమే చెప్పాడు."

"మరి నన్నడగలేదేం?" అన్నాను.

ఆయన కుక్క చెవి నిమురుతూ, తల ఎత్తకుండా అన్నారు. "అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావు. అప్పుడు ఉయ్యూరు పంపాల్సొచ్చేది."