మూడో వరుసలో నాయ్‌మన్ రాయి

పోయిన నెల ఓ శనివారం, ఐసెలిన్‌లో మనవాళ్ల కూరగాయల కొట్లో మా ఆవిడ గోంగూర కట్టలు ఏరుతోంది. ఆ పనిలో ఉన్నప్పుడు ఆవిణ్ని పలకరించకూడదని నలభై ఏళ్ల కాపురం నేర్పింది కనుక, బండి పట్టుకుని ఓ పక్కన నిలబడ్డాను. ఫోన్ మోగింది. చేసింది, ఒకప్పుడు పిస్కాటవేలో మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మ మేనకోడలు. ఓనరమ్మ ఈ చలికాలంలోనే తొంభై మూడేళ్లకి పోయారు. తన చితాభస్మంలో సగం జర్మనీలో తాతగారి ఊళ్లో ఉంచమని రాసిపెట్టారట. అక్కడి శ్మశానంలో మూడో వరుసలో, లిండెన్ చెట్టు కింద, వాళ్ల ఇంటిపేరు చెక్కిన రాయి దగ్గర. చర్చివాళ్లు సరేనన్నారు, టికెట్ కూడా బుక్ చేసేశానంది. "ఆ రాయిని చూసినవాళ్లు మీరొక్కరే. గేటు దగ్గర్నుంచి దారి కొంచెం బొమ్మ గీసి ఇస్తారా?" అని అడిగింది. తప్పకుండా అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ రాయిని నేనూ చూడలేదు.

ఓనరమ్మ ఇంటిపేరు నాయ్‌మన్. ఊళ్లో అందరూ న్యూమన్ అనేవాళ్లు, ఆవిడ దిద్దడం మానేసి చాలాకాలమైంది. పోస్టాఫీసులో ఉద్యోగం. పొద్దస్తమానం ఊరందరి ఇంటిపేర్లూ చదివి సర్దడమే పని. నేను మన దేశం నుంచి వచ్చి ఇక్కడి మందుల కంపెనీ ల్యాబ్‌లో కొత్తగా చేరి, మేడ మీది వాటా అద్దెకు అడగడానికి వెళ్లినరోజు ఆవిడ నా కాగితాలు చూసి, ఇందులో నీ పేరేది, ఇంటిపేరేది అని అడిగారు. మా దగ్గర ఇల్లు ముందు, మనిషి తర్వాత అని చెప్పాను. అది ఆవిడకి భలే నచ్చింది. ఇంటిపేర్ల మాట ఎత్తితే నన్ను ఆపడం కష్టమని ఆవిడకి తెలీదు పాపం. మాది ఒక ఊరి పేరనీ, ఆ ఊరిని నేను కాదు కదా మా తాత కూడా చూడలేదనీ, పెళ్లిచూపుల్లో పిల్ల పేరుకన్నా ముందు ఇంటిపేరే అడుగుతారనీ గంటసేపు చెప్పి, మరి మీ పేరుకి అర్థమేమిటన్నాను. కొత్తమనిషి అని తెలుసు, ఎందుకు కొత్తో తెలీదు అన్నారు. చిన్నప్పుడు బళ్లో ఆ పేరుతో ఏడిపించేవారట.

ఆ వారమే లైబ్రరీలో ఓ లావుపాటి పుస్తకం తిరగేసి వచ్చి, ఆవిడ వంటింట్లో కూర్చుని పాఠం చెప్పాను. పూర్వం ఎవరైనా బయటి ఊరి నుంచి వచ్చి ఊళ్లో ఇల్లు కట్టుకుంటే, ఆ ఊరివాళ్లు అతన్ని నాయ్‌మన్ అనేవాళ్లట, అంటే కొత్తగా వచ్చినవాడని. అతను ముసలివాడై పోయినా, మునిమనవలు పుట్టినా ఆ కొత్తదనం మాత్రం వదల్లేదు. కొత్తవాడు రాని ఊరుండదు కాబట్టి ఆ దేశంలో ఏ మూల చూసినా ఆ పేరు కనిపిస్తుంది. నాయ్‌మన్‌లందరూ చుట్టాలు కానక్కర్లేదు, మన కొత్తపల్లివాళ్లందరూ ఒకే కొత్తపల్లివాళ్లు కానట్టే. ఆవిడ కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆలోచించి, "అయితే మావాళ్లు ఏ ఊరికి కొత్త?" అన్నారు. లేచి సొరుగులోంచి ఓ కాగితం తీసుకొచ్చారు. తాతగారి చేతిరాతలో ఒక ఊరి పేరుంది.

రెండేళ్లు తిరక్కుండా మా కంపెనీవాళ్లు కొత్త మెషీన్ నేర్చుకు రమ్మని నన్ను రెండు వారాలకి ఫ్రాంక్‌ఫర్ట్ పంపారు. ఆవిడ వెళ్లాలంటే మంచంలో ఉన్న తల్లిని వదిలే వీల్లేదు. ఆ ఊరి పేరు మరో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చి, చర్చి పక్కన శ్మశానంలో మా పేరుందేమో చూసి ఒక్క ఫొటో తీసుకురా అని అడిగారు. నన్ను ఆవిడ అడిగింది అదొక్కటే. అద్దె పెంచని మనిషి, నాకు జ్వరమొస్తే మెట్లెక్కి సూప్ తెచ్చిన మనిషి. నాకు ఖాళీగా దొరికింది ఒక్క ఆదివారం. ఆ ఊరికి రైల్లో గంట కూడా పట్టదు. పొద్దున్నే స్టేషన్‌కి బయల్దేరుతుంటే కాలేజీలో నాతో చదివి, అక్కడే ఉద్యోగం చేసుకుంటున్నవాడు హోటల్‌కి ఫోన్ చేశాడు. వాడి భార్య గుంటూరు నుంచి గోంగూర పచ్చడి తెచ్చుకుందట, ముద్దపప్పు వండుతోందట. పది రోజులుగా బ్రెడ్డు, ఉడకబెట్టిన బంగాళదుంపలు తిన్నవాడికి ఆ మాట వినపడితే ఏమవుతుందో తెలుగువాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. తిన్నాను, పేకాడాను, సోఫాలో నిద్రపోయాను. లేచేసరికి కిటికీలోంచి ఓ పెద్ద చెట్టు కనిపించింది. ఇదేం చెట్టురా అంటే లిండెన్ అన్నాడు.

వెళ్లలేకపోయానండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. గుమ్మంలో ఎదురొచ్చిన ఆవిడ మొహం చూసి ఆ మాట రాలేదు. ఉందండీ అన్నాను. మూడో వరుసలో, లిండెన్ చెట్టు కింద, నాచు పట్టిన రాయి. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, నేను గేటు కిర్రుమనడంతో సహా అతికించాను. ఫొటో రీలుకి ఎండ తగిలి పాడైందన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుని మంచంలో ఉన్న తల్లికి చెప్పడానికి లోపలికి పరిగెత్తారు. ఆ తర్వాత పోస్టాఫీసు స్నేహితులు వచ్చినా, మరుసటేడు మా ఆవిడ కాపురానికొచ్చినా, ఆ కథ నాచేత చెప్పించేవారు.

అంతటితో ఆగినా ఇంత బాధ ఉండేది కాదేమో. పదేళ్ల తర్వాత తల్లి పోయారు. ఆవిడ రిటైరై, ఒకరోజు మా ఇంటికి భోజనానికొచ్చి, ఈ ఎండాకాలం జర్మనీ వెళ్తానన్నారు. వెళ్తే రాయి ఉండదు, నా పరువూ ఉండదు. మీ మోకాళ్లతో కష్టమండీ అన్నాను. శ్మశానం గుట్ట మీద ఉంది, మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు అన్నాను. ఆవిడ మోకాళ్ల వైపు చూసుకుని, "నువ్వు చూశావు కదా, అది చాల్లే" అన్నారు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఐసెలిన్ నుంచి వచ్చిన ఆ సాయంత్రం కాగితం తీసుకుని బొమ్మ గీయడానికి కూర్చుంటే నా చేతికి తడుముకోవాల్సిన అవసరమే రాలేదు. గేటు, బావి, చెట్టు, రాయి, కిందికి మెట్లు, అన్నీ వరసగా వచ్చేశాయి. తర్వాత బుద్ధి పుట్టి ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఆ ఊరి పేరు కొట్టాను. పీట వేసినట్టు చదునుగా ఉంది. గుట్ట లేదు. బస్సు చర్చి గేటు ముందే ఆగుతుంది. మర్నాడు పొద్దున్న మా ఆవిడ బొమ్మ చూసి ఎంత బాగా గుర్తుందండీ అంటే, ఇక దాచలేక అంతా చెప్పేశాను. ఆవిడ గోంగూర ఆకులు తుంచడం ఆపలేదు.

"ఆవిడ మీచేత ఆ కథ చెప్పించి, మీ ఆయన మనసు బంగారమమ్మా అంటే, నేనూ నమ్మాను కదండీ," అంది. "ఫోన్‌లో చెప్పేసి కట్ చేద్దామనుకోకండి. కార్ తీయండి, నేనూ వస్తాను."

మేనకోడలికీ అరవై దాటాయి. అచ్చం మేనత్త మొహమే. వాళ్ల వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఆదివారం సంగతీ, గుట్ట సంగతీ వరసగా చెప్పాను. మా ఆవిడ నా పక్కన తల దించుకుని కూర్చుంది, తప్పు చేసింది తనే అన్నట్టు. బల్ల మీద చిన్న చెక్కపెట్టె ఉంది. అందులో ఏముందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"రాయి సంగతి సరే. దానివల్ల ఆవిడ చాలా సంతోషపడింది," అంది మేనకోడలు. "కానీ రిటైరైన ఏడాదే పాస్‌పోర్ట్ తీసుకుంది, తెలుసా మీకు? దాన్ని ఒక్కసారీ వాడలేదు," అంది.

నాకు తెలీదు. క్షమించమని అడుగుదామనుకున్నాను గానీ, అడగాల్సిన మనిషి ఆ పెట్టెలో ఉంది. బొమ్మ గీసిన కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతుంటే ఆమె చెయ్యి చాపింది. ఇదెందుకమ్మా, ఇందులో ఒక్కటీ నిజం కాదు కదా అన్నాను.

"ఆవిడ చూసిన ఊరు ఇదొక్కటే," అంది. "ఆవిడతో పాటే తీసుకెళ్తాను. అక్కడ రాయి లేకపోతే లేదు, మేమే ఆ ఊరికి కొత్తగా వచ్చామంటాను."

మేనకోడలు పోయిన మంగళవారం విమానమెక్కింది, ఇంకా కబురు లేదు. నేను ఉద్యోగం చేశాను, పిల్లల్ని చదివించాను, రిటైరయ్యాను, ఇన్నేళ్లూ ఎటు పోయాయో తెలీకుండా పోయాయి. ఆ ఒక్క ఆదివారం మాత్రం నాకింకా గడవలేదు.