డాక్టరమ్మ వేళ్ళ వెంట చూపు

మిరపకోతల రోజుల్లో బడికి వెళ్ళే షేర్ ఆటోలో చోటు దొరకడమే కష్టం. ఆ ఉదయం నేను అంచున కూర్చున్నాను. పక్కనున్న కోత కూలీ ఒకావిడ లేచి, "టీచరుగారూ, మీరు లోపలికి జరగండి, చీరంతా దుమ్మవుద్ది" అంది. నేను జరిగితే, ఆమె నా చోట్లో అంచున కూర్చుంది. గుంటూరు రోడ్డెక్కగానే పత్తి లారీ ఒకటి మా ఆటోని రాసుకుంటూ పోయింది. ఆటో పక్కకి పడిపోయింది. నాకు మోచెయ్యి గీసుకుపోయింది. ఆమె కాలు ఆటో కింద పడి విరిగింది.

ఆ తర్వాత నెలల తరబడి హారన్ వినబడితే చాలు, నాకు చెమటలు పట్టేవి. బడికి నడిచే వెళ్ళేదాన్ని. చూసి చూసి మావారు బండి మీద గుంటూరు తీసుకెళ్ళారు. దారంతా ఆయన వీపుకి మొహం ఆనించి కళ్ళు మూసుకున్నాను.

అక్కడి మానసిక వైద్యురాలు నా ఎదురుగా కూర్చుని రెండు వేళ్ళు పైకెత్తారు. "ఆ రోజుని తలుచుకుంటూ, తల కదపకుండా, నా వేళ్ళ వెంట చూపు తిప్పండి."

"కళ్ళు తిప్పితే భయం పోతుందా అండీ?"

"జరిగింది మరిచిపోరు గానీ, తలుచుకున్నప్పుడు ఇంత బాధ ఉండకపోవచ్చు. చూద్దాం."

వేళ్ళు ఎడమకీ కుడికీ కదిలేవి. ఆగి, "ఇప్పుడు మనసులోకి ఏం వచ్చింది?" అనేవారు. మొదట్లో ఎప్పుడూ ఆటో కింద ఆమె పెట్టిన కేకే. మూడోసారి వెళ్ళినప్పుడు, మావారికి కూడా చెప్పని మాట బయటికొచ్చింది: "నా బదులు ఆమె కాలు విరిగింది." డాక్టరమ్మ ఓదార్చలేదు. "దాన్నే మనసులో ఉంచుకోండి" అని మళ్ళీ వేళ్ళు కదిపారు. ఏడుస్తూనే చూశాను. కాసేపటికి కేక కంటే ముందున్న క్షణం కనబడింది. ఆమె నవ్వుతూ నన్ను లోపలికి నెడుతోంది.

"ఆమే జరగమంది" అన్నాను. నాకు ముందే తెలిసిందే. కానీ నమ్మింది మాత్రం అప్పుడే.

ఇంకొన్నిసార్లు వెళ్ళాక, ఒక ఆదివారం ఆటో ఎక్కి ఆమె ఇంటికి వెళ్ళాను. లారీ ఎదురైనప్పుడు గుండె దడదడలాడింది గానీ దిగిపోలేదు.

ఆమె మంచం మీద కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది.

"ఇన్నాళ్ళూ రాలేదేంటి టీచరుగారూ?"

"మొహం చెల్లలేదమ్మా. నా చోట్లో కూర్చోబట్టే కదా నీకిలా…"

"అయ్యో! కొట్టింది లారీవాడు, మీరు కాదుగా" అని చేట పక్కన పెట్టింది. "కట్టు విప్పేశారు. వచ్చే కోతలకి కర్ర లేకుండా నడుస్తానంట. చూడండి" అంటూ లేచి, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి చూపించింది.