రెండంగుళాల సన్నికల్లు

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్ల పేర్లు చెప్పమంటే ఎవరైనా గడగడా పది చెబుతారు. ఆ పదిలో బ్రహ్మయ్యాచారి పేరు ఉండదు. ముప్పయ్యేళ్ల కిందట రాతిపెచ్చు ఎగిరి తగిలి ఆయన ఎడమకన్ను పోయింది. ఒంటికన్నువాడు దేవుడి ముఖం ఏం చెక్కుతాడని శిల్పశాలవాళ్లు నెమ్మదిగా పక్కన పెట్టేశారు. రోళ్లు, సన్నికళ్లు చెక్కుకుని బతికాడు. ఇంటింటికీ మిక్సీ వచ్చి ఆ పనీ పోయింది.

అయినా పెళ్లికి సన్నికల్లు లేకుండా జరగదు కదా. పెళ్లికూతురు దాని మీద కుడికాలు పెడితేనే పెళ్లికొడుకు వంగి మెట్టెలు తొడిగేది. ఒక్కపూట పనికి రాయి ఎవరు కొంటారు? అందరూ ఆచారి ఇంటికే పరిగెత్తేవాళ్లు. అడిగినవాళ్లకల్లా గోతంలో చుట్టి ఇచ్చేవాడు. పెళ్లయ్యాక మనవాళ్లు చేసే మర్యాద ఏమిటంటే, ఆ రాయిని ఆయన గడప ముందు దించేసి బండి తిప్పుకుని పోవడం. పెళ్లికి రమ్మని, ఒక ముద్ద తిని పొమ్మని పిలిచిన పాపాన పోలేదు. ఎవరినో అనడం దేనికి? నా కొడుకు పెళ్లికి నేనూ అట్లాగే తెచ్చి అట్లాగే దించేసి వచ్చాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పోయిన మాఘంలో మా అక్క కూతురు హిమజ పెళ్లి కుదిరింది. హిమజకు మూడేళ్లప్పుడు తుంటి ఎముకకు చీము పట్టి ఆపరేషన్ అయింది. కుడికాలు రెండంగుళాలు పొట్టి, ఎక్కువ ఎత్తు లేవదు. మడమ కింద అట్ట వేసిన చెప్పు తొడుక్కుంటే ఎవరికీ తెలియదు. నంద్యాలలో బ్యాంకు ఉద్యోగం. అక్కడే పనిచేసే అజయ్ కుమార్ అన్నీ తెలిసే చేసుకుంటానన్నాడు. చిక్కల్లా పెళ్లిపీటల దగ్గర వచ్చింది. అక్కడ చెప్పులుండవు. ఇంట్లో మామూలు సన్నికల్లు తెచ్చి అలవాటు చేయబోతే, కాలు దాని మీదికి ఎక్కక వాళ్లమ్మ మీద పడిపోయింది.

"నేను తొక్కను మామా. కూర్చోబెట్టి తొడగమను" అంది.

ఆ మాట అజయ్ అవ్వ జయలక్ష్మమ్మ చెవిన పడింది. "సన్నికల్లు తొక్కకుండా పెండ్లేందప్పా? మా ఇంట్లో అట్ల ఎప్పుడూ జరగలే" అని ఆమె పట్టుపట్టింది. మనవడు నచ్చజెప్పినా వినలేదు. చెడ్డమనిషి కాదు, భయస్థురాలు. ఏ చిన్నది తప్పినా పిల్లలకు కీడని ఆమె భయం.

"నాలుగొందల మంది ముందర పడితే నేను మళ్లా తలెత్తుకోలేను మామా" అని హిమజ ఏడ్చింది. ఆ ఏడుపు చూడలేక నేను ఆచారి దగ్గరికి పోయాను, పల్చటి రాయి ఏదైనా ఉందేమోనని.

ఆయన అంతా విని, "ఆ పాప చెప్పు తీసకరా పోన్నా" అన్నాడు.

తెచ్చిచ్చాను. కుడిచెప్పు అట్టను దారంతో కొలిచి, ఆ దారం జేబులో పెట్టుకున్నాడు. నాలుగు రోజులు కూర్చుని సరిగ్గా ఆ ఎత్తుకు సన్నికల్లు చెక్కాడు. పైన నున్నగా చేయలేదు. కాలు జారకుండా సన్నగా గాట్లు కొట్టాడు. రాయి తెచ్చుకోవడానికి పోయినప్పుడు శుభలేఖ, అక్షింతలు ఆయన చేతిలో పెట్టి, "ఆచారీ, నువ్వు మా ఇంటి మనిషిగా పెండ్లికి రావాల" అన్నాను. కాసేపు శుభలేఖను అటూ ఇటూ తిప్పి చూశాడు. "పిల్చినావు కదా, వస్తాలే" అన్నాడు.

నంద్యాల కల్యాణమండపంలో ఆ గోతాన్ని వంటశాల గోడ పక్కన ఆనించి, మగపెళ్లివారికి ఎదురుపోయి, ఆ హడావుడిలో దాని సంగతే మరిచిపోయాను. తీరా పంతులు "సన్నికల్లు తెండి" అన్నాక చూస్తే గోతం ఖాళీ. అలంకరణ చేసిన కుర్రవాడు అద్దంలా మెరిసే గ్రానైట్ దిమ్మె ఒకటి పట్టుకొచ్చి, "ఇది పెట్టండి సార్, ఫొటోల్లో బాగుంటాది" అన్నాడు. మోకాలెత్తు ఉంది. దాన్ని వాడి నెత్తినే వేయాలనిపించింది. హిమజ ముఖం చూస్తే నెత్తురు చుక్క లేదు.

అప్పటికే ఆచారి వంటశాలలో జొరబడ్డాడు. వంటమేస్త్రీ పౌలు ఆ రాయి మీద అల్లం వెల్లుల్లి నూరుతున్నాడు.

"ఏందప్పా, అది పెండ్లికూతురి రాయి!"

"నాకేం తెల్సు పెద్దాయనా? గాట్లు మంచిగుండాయి, బాగా నలగతాండాదని తీసుకుంటి."

తన రాయిని ఒకడు మెచ్చుకుని ఎన్నేళ్లయిందో, ఆచారి అంత కంగారులోనూ నవ్వాడు. గబగబా కడిగి, పసుపు పూసి, తనే భుజానికెత్తుకుని వేదిక మీదికి తెచ్చి పెట్టాడు.

"ఇంత పల్చగా ఉండాదేంది?" అంది జయలక్ష్మమ్మ.

"సన్నికల్లేనమ్మా. ఇప్పుడే అల్లం నూరినారు, వాసన చూడు."

ఆమె నిజంగానే వంగి చూసింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

హిమజ వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని కాలు జరిపి, పైకెత్తి పెట్టింది. మడమ ఆనింది. పట్టుకున్న చెయ్యి తనే వదిలేసింది. అజయ్ మెట్టెలు తొడుగుతుంటే స్నేహితులు కేకలు, ఈలలు. నా కళ్లలో నీళ్లు తిరిగి నాకేమీ సరిగ్గా కనిపించలేదు. పక్కనే నిలబడ్డ ఆచారి మాత్రం ఉన్న ఒక్క కన్నూ చిట్లించి ఆ పిల్లనే చూస్తున్నాడు.

"రెండు భుజాలూ సమంగా ఉండాయన్నా" అన్నాడు నాతో.

మెట్టెలు తొడగడం అయిపోయింది. పంతులు "ఇంక కాలు దించమ్మా, అరుంధతిని చూడాలి" అన్నాడు. హిమజ దించలేదు.

"కొంచేపు ఉండండి సామీ" అంది. "ఉత్తకాళ్లతో నేనెప్పుడూ ఇట్ల నిలబడలే."

పంతులు ఏదో అనబోయాడు. జయలక్ష్మమ్మ అడ్డం వచ్చింది. "నిలబడనీ సామీ పాపను. అరుంధతి యాడికి పోతాది?"

పంతులు పుస్తకం మూసి, ఆయన కూడా నిలబడ్డాడు.