నా సంతకం మీద వచ్చిన స్కేట్లు

నవంబరు ఆఖర్లో లద్దాఖ్‌లోని మా పోస్టుకు చేరాం. లేహ్ నుంచి లారీలో తొమ్మిది గంటలు. ఎత్తు పదమూడు వేల అడుగుల పైనే. దిగగానే డాక్టరు ఒకటే చెప్పాడు: ఆరు రోజులు పరుగెత్తకండి, బూటు లేసు కట్టుకున్నా మెల్లగా కట్టుకోండి. నేను పూతలపట్టు పక్క పల్లెవాణ్ణి. నాకు ఐసంటే సోడా బండి మీద గోనెసంచి కప్పిన దిమ్మె. ఇక్కడ పోస్టు కింది కుంట మొత్తం అట్లా బిగిసిపోయి ఉంది.

మీరంతా నన్ను శత్రువు గురించే అడుగుతారు. ఆ చలికాలం మాకు వచ్చిన ఆర్డరు వేరు. ఫిబ్రవరిలో పెద్ద సాబ్ వస్తున్నారు, ఆయన ముందు ఐస్ హాకీ ఆడాలి. జట్టుకు పదిమందిని తీశారు. ఒక్కడికీ ఐసు మీద నిలబడటం కూడా రాదు. స్టోరులో పెట్టె తెరిస్తే పది జతల కొత్త స్కేట్లు. నల్ల బూటు, కింద తళతళలాడే ఉక్కు బ్లేడు. నేను నాయక్‌ని, సామాను ఇన్‌చార్జిని. స్టోరు హవల్దార్ కాగితం నా ముందుకు తోశాడు.

"తీసుకున్నది తీసుకున్నట్టే తిరిగి రావాలి. గీత పడితే జవాబు నీదే."

సంతకం పెట్టాను. ఆ సంతకం నా తలకెక్కింది.

జట్టులోనే ఉన్న మా రేడియో ఆపరేటరు చిత్తూరువాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. వాళ్ళది మార్కెట్ దగ్గర సాన పట్టే అంగడి. మామిడి అంటు కట్టే కత్తులూ కొడవళ్ళూ అక్కడికే వస్తాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, నాతో మాత్రం మన తెలుగే. ఆ సాయంత్రం బంకరులో కిరోసిన్ పొయ్యి పక్కన కూర్చుని, బ్లేడు మీద బొటనవేలు అడ్డంగా లాగాడు.

"అన్నా, ఈటికి పదునే లేదు. మొద్దుగా ఉండాది సూడు."

"కొత్తవి రా అవి."

"కొత్త కొడవలికి మాత్రం పదునుంటాదా? సాన పెట్టినాకే గదా కోత. రాయి యాడన్నా దొరికితే ఇప్పించు, రెండు దినాల్లో అన్నీ నేనే పెట్టేస్తా."

"ముట్టుకున్నావంటే ఊరుకోను. నా సంతకం మింద వచ్చిన సామాను ఇది."

"సరే అన్నా, నీ మాటే కానీ" అని నవ్వేశాడు.

నేనూ రైతుబిడ్డనే. సంతలో కొన్న కొడవలిని సాన పెట్టించకుండా మా ఇంట్లో ఎవరూ మడిలోకి దిగరు. తెలిసీ వద్దన్నాను. గాడిద కొడుకుని!

రోజూ ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా అభ్యాసం. మైనస్ పద్దెనిమిది. మీసాల మీద ఊపిరి గడ్డకట్టేది. నేర్పడానికి లద్దాఖ్ స్కౌట్స్ దళం నుంచి ఒక స్కౌట్ వచ్చాడు. అతను తన పాత స్కేట్ల మీద దూసుకొచ్చి, రెండు పాదాలూ అడ్డం తిప్పేవాడు. ఐసు పొడి లేచేది, మనిషి ఆగిపోయేవాడు. ఆగడానికి మాకు సులువైన పద్ధతి చెప్పాడు: వేళ్ళు లోపలికి, మడమలు బయటికి, మోకాళ్ళు వంచి ఐసును పక్కలకు నెట్టు.

ముందుకు పోవడం నాలుగో రోజుకే వచ్చింది. ఆగడమే రాలేదు. బ్లేడు ఐసును పట్టదు, జారిపోతుంది. కుంట చివర ఇసుక బస్తాలు పేర్చుకున్నాం. వాటికి గుద్దుకుంటే ఆగినట్టు. సామాను సంగతి ఇన్‌చార్జి చూసుకుని ఉంటాడని స్కౌట్ అనుకున్నాడు. "వంగు! భయపడుతున్నావు!" అని గట్టు మీంచి అరిచేవాడు. నేను నమ్మాను. నా కాళ్ళను నేనే తిట్టుకున్నాను. మిగతావాళ్ళనూ పిరికివాళ్ళని తిట్టాను.

"భయం గాదన్నా, బ్లేడు" అన్నాడు ఆపరేటరు.

"నోర్ముయ్" అన్నాను.

పెద్ద సాబ్ రావడానికి నాలుగు రోజుల ముందు, ఉదయం ఏడూ పదికి, పూర్తి వేగంతో ఆడమన్నారు. గోలు పక్కన ఆపరేటరు పడ్డాడు. నేను అటే వస్తున్నాను. "ఆగన్నా!" అని అరిచాడు. చెప్పినవన్నీ చేశాను. వేళ్ళు తిప్పాను, మోకాళ్ళు వంచాను, మడమలు నెట్టాను. బ్లేడు పట్టలేదు. నా బరువంతా అతని కుడి మోకాలి మీద పడింది. చెరకు గడ విరిచిన చప్పుడు వచ్చింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు కింది ఆసుపత్రి నుంచి అతని రేడియో సెట్టులోనే కబురు వచ్చింది. "పేషెంటు చేరాడు. మోకాలు చితికింది. లేహ్ పంపుతున్నాం. ఓవర్."

"అర్థమైంది. ఔట్" అన్నాను.

సాయంత్రం స్కౌట్ నా స్కేటు తిరగేసి గోరుతో గీకి చూశాడు. "వీటికి పదును పెట్టకుండానే అందర్నీ ఎక్కించావా?" అన్నాడు హిందీలో.

మర్నాడు ఎంక్వైరీ. కెప్టెన్ రెండే ప్రశ్నలు అడిగాడు.

"సామానులో లోపం ఉందా?"

"లేదు సర్. అన్నీ కొత్తవి."

"మరి ఎట్లా జరిగింది?"

"అతను ఉండకూడని చోట ఉన్నాడు సర్."

రాసుకున్నారు. కింద సంతకం పెట్టాను.

ఆ తర్వాత స్కౌట్ తన రాయితో అన్ని జతలకూ పదును పెట్టాడు. ఒక్క పూట పట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం. మ్యాచ్ రోజు నేను ఐసు పొడి లేపుతూ పెద్ద సాబ్ ముందు ఆగాను. చప్పట్లు కొట్టారు. వారం తర్వాత స్కేట్లు తిరిగి అప్పజెప్పితే స్టోరు హవల్దార్ లెక్కపెట్టుకున్నాడు, బ్లేడ్లు తిప్పి కూడా చూడలేదు.

ఆపరేటరుకు మెడికల్ బోర్డు పెట్టారు. డ్యూటీలో తగిలిన దెబ్బ కాదు, సొంత అజాగ్రత్త అని రాసి ఇంటికి పంపారు. ఆ రాతతో దెబ్బకు వచ్చే పింఛను పోయింది.

రెండేళ్ళకు నేను రిటైరై వచ్చాను. ఊళ్ళో దండ వేశారు, శాలువా కప్పారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వారమే బస్సెక్కి చిత్తూరు పోయాను. అంగడి ముందు బల్ల మీద కుడికాలు చాపుకొని కూర్చున్నాడు. ఆ కాలు ఇక వంగదు.

"రా అన్నా! ఎప్పుడొచ్చినావు?"

నిలబడే చెప్పేశాను. "ఎంక్వైరీలో అబద్ధం చెప్పినానప్పా. సామాను బాగుండాదని చెప్పినా."

"తెలుసులే. ఆ కాగితం నాకూ పంపినారు గదా."

"తిట్టరాదా నన్ను?"

"తిడితే వంగుతాదా ఇది?"

లద్దాఖ్‌లో చూసినవన్నీ మెల్లగా మరుపున పడుతున్నాయి. తర్వాత అతను చేసింది మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. "నిలబడే ఉంటావా, కూర్చో" అన్నాడు. తొడ కింద రెండు చేతులూ పెట్టి, ఆ కాలిని బల్ల మీంచి ఎత్తి పక్కకు దించి, నాకు చోటు చేశాడు.