తల మీద వేలు పెట్టి చూపే డాక్టరమ్మ

సిద్దిపేటలో నాకు మనోవ్యాధి వైద్యం చేసిన డాక్టరమ్మ ఏది చెప్పినా తన తల మీదే వేలు పెట్టి చూపేది.

ఇరవై ఏళ్లుగా భజన మండలిలో పురాణం చదివే నాకు పద్యం మధ్యలో ఏడుపు వచ్చి గొంతు ఆగిపోయేది. ఆమె మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచే గోలీలు రాసింది. పది రోజులకు ప్రసాదం చూసినా వాంతి రాసాగింది. ఏడుపు మాత్రం పోలేదు. దేవుణ్ణి కాదని గోలీని నమ్మినందుకు ఇది శిక్ష అనుకున్నాను. మానేస్తానని చెప్పడానికి వెళ్లాను.

"శిక్ష గాదు కాకా. సెరటోనిన్ ఒక్కటే గని, తలల జాగజాగకు దాని పని వేరే," అంటూ తల వెనక, మెడకు కాస్త పైన తట్టుకుంది. "గీడ వాంతి పుట్టిస్తది. గది జల్దీ." వేలు నుదుటికి తెచ్చింది. "గీడ మనసు కుదురుతది. గిది మెల్లగ. నెల దాటుతది."

"మరి భక్తి ఏడుంటది డాక్టరమ్మా?"

ఆమె వేలు తలంతా తిరిగి, ఎక్కడా ఆగకుండా బల్ల మీదికి దిగింది.

"గది మాకు చదువుల చెప్పలే. మీ భజనల షుగర్ గోలీలు ఎందరు మింగుతరు?"

"అందరం."

"ఏకాదశి నాడు గూడ?"

"మింగుతం."

"మరి మీకేం శిక్ష పడ్డది?"

ఆ రాత్రి కూడా గోలీ మింగాను. రెండో నెలలో పురాణం చివరిదాకా ఆగకుండా చదివాను. అంతా దేవుడి దయేనని వెళ్లి ఆమెకు చెప్పాను.

"మంచిది కాకా," అన్నది. "గోలీ మాత్రం బందు పెట్టకు."